టేకు డెక్కుకు ఈ సేవలు వద్దు

తెరచాప పడవ మీది టేకును సముద్రం పెద్దగా పాడుచేయదు. ఎండ కూడా అంతే. దాన్ని అరగదీసేది ఏటా వసంతం రాగానే రసాయనాల సీసాలు, శాండ్ పేపర్లు పట్టుకుని పడవెక్కే యజమాని. మాట కటువుగా ఉన్నా చెప్పక తప్పదు. పడవంటే ప్రాణం పెట్టేవాళ్లే, బాగుచేస్తున్నామనుకుంటూ డెక్కును ఏడాదికింత పలచన చేసుకుంటున్నారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతోంది.

హైదరాబాద్ హుసేన్ సాగర్‌లో పోటీలకు తిరిగే చిన్న పడవలకు ఈ బాధ లేదు. వాటిలో టేకు దాదాపు ఉండదు, అంతా ఫైబరే. ఇక్కడ చెప్పేది ముప్పై, నలభై అడుగుల సముద్రపు పడవల సంగతి. ముఖ్యంగా 1970లు, 80లలో తైవాన్‌లో తయారై అమెరికా రేవులకు చేరిన టయానా 37 లాంటివి. ఫైబర్ డెక్కు మీద టేకు పలకలు పరిచి, మరలతో బిగించి, సందుల్లో నల్ల సీలెంట్ నింపిన రకం. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడి అలాంటి పాత పడవ కొనుక్కున్న తెలుగువారెవరైనా ఉంటే, రేవులో పక్క పడవవాళ్ల సలహాలు మొదటి వారంలోనే మొదలవుతాయి. వాటిలో చాలావరకు తప్పు. ఏది తప్పో, ఎందుకు తప్పో, దాని బదులు ఏం చేయాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు చెక్క గురించి

ఆదిలాబాద్‌లో, పాపికొండల్లో మనం చూసే టేకు చెట్టే ఇది. ఎండాకాలం ఆకు రాల్చి మోడుగా నిలబడుతుంది. మళ్లీ పెరగడం మొదలుపెట్టినప్పుడు ముందు పెద్ద రంధ్రాలున్న మెత్తని చెక్క వేస్తుంది, ఆ తర్వాత బిగువైన గట్టి చెక్క. పలకగా కోసినప్పుడు కనిపించే చారలు ఇవే. మెత్త చార, గట్టి చార పక్కపక్కనే ఉంటాయి. ఇది గుర్తుంచుకోండి. కింద చెప్పే తప్పుల్లో సగం ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల జరిగేవే.

టేకులో సహజంగానే నూనె, రబ్బరు లాంటి పదార్థం, సిలికా ఉంటాయి. అందుకే నీరు తొందరగా ఇంకదు, చెదలు తేలిగ్గా పట్టవు. బొంబాయిలో నౌకలు కట్టే వాడియా కుటుంబం మలబారు టేకుతో కట్టి 1817లో నీళ్లలోకి దించిన ట్రింకమలీ యుద్ధనౌక ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో నీటి మీదే ఉంది. ఇంత గట్టి చెక్కకు ఏటేటా చికిత్స అక్కర్లేదు.

పాత పడవల్లో డెక్కు పలక కొత్తగా ఉన్నప్పుడు సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉండేది. తర్వాత వచ్చిన చాలా పడవల్లో అంతకంటే తక్కువే. మీ ఆస్తి ఆ మందమే. రంగు పోతే వస్తుంది, మందం పోతే రాదు. ఏ సలహా విన్నా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీనివల్ల ఎంత చెక్క పోతుంది?

తప్పు సలహా 1: “బూడిద రంగుకు తిరిగిందంటే చెక్క పాడవుతున్నట్టే”

ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్క పైపొరలోని లిగ్నిన్‌ను విడగొడతాయి. వాన దాన్ని కడిగేస్తుంది. మిగిలిన పోగులు వెండి ఛాయలో కనిపిస్తాయి. ఆ పొర మందం మిల్లీమీటరులో చిన్న భాగం. దాని కింద చెక్క బంగారు రంగులోనే క్షేమంగా ఉంటుంది. ఎండావానలకు సహజంగా అరిగేది చాలా స్వల్పం.

నలుపు, ఆకుపచ్చ మాత్రం వేరు. నల్లని మచ్చలు బూజువి, ఆకుపచ్చ పాకుడుది. నీడపట్టున, నీరు నిలిచే చోట అవి వస్తాయి. వాటిని కడగాలి. సమానంగా పరుచుకున్న వెండి రంగును ముట్టుకోవద్దు.

కాలు పడే డెక్కుకు నూనె గానీ వార్నిష్ గానీ ఏ పూతా వద్దు. తడిసినా కాలు జారకపోవడమే డెక్కుకు టేకు వాడటంలో ఉన్న పెద్ద లాభం. అలల్లో పడవ ఒరిగినప్పుడు మీ ప్రాణం ఆ పట్టు మీదే ఆధారపడుతుంది. చేతికమ్ములు, డెక్కు మీది తలుపుల (హ్యాచ్) అంచులు, చుక్కాని పిడి లాంటి వాటికి మాత్రం ఉత్తగా వదలాలా, వార్నిష్ వేయాలా అన్నది మీ ఇష్టం.

తప్పు సలహా 2: “గట్టి బ్రష్‌తో బాగా తోమండి, ప్రెషర్ వాషర్ ఉంటే ఇంకా మంచిది”

గట్టి బ్రష్ చార వెంట నడిస్తే మెత్త చెక్కను తవ్వేస్తుంది, గట్టి చెక్క నిలబడిపోతుంది. కొన్నేళ్లకు డెక్కు దున్నిన పొలంలా గాళ్లు పడుతుంది. ఆ గాళ్లలో మట్టి, నీరు, బూజు చేరతాయి. దాంతో ఇంకా గట్టిగా తోమాలనిపిస్తుంది. ప్రెషర్ వాషర్ ఏళ్ల తరబడి జరిగే ఆ నష్టాన్ని ఒక్క పూటలో చేసేస్తుంది. సందుల్లోని సీలెంట్ అంచులను కూడా లేపేస్తుంది.

ఒకప్పుడు నావికులు మోకాళ్ల మీద కూర్చుని ఇసుకరాయితో డెక్కు రుద్దేవారు. దాన్ని సంప్రదాయమంటూ ఇప్పటికీ గొప్పగా చెప్పేవారున్నారు. ఖరీదైన టేకు డెక్కులు అరిగిపోతున్నాయని అమెరికా నౌకాదళమే 1931లో ఆ రాయి వాడకాన్ని కట్టడి చేసింది. యుద్ధనౌకల మందపాటి పలకలకే అది పనికిరాకపోతే, మీ పలచని పలకలకు అసలే పనికిరాదు.

చేయాల్సింది: శుభ్రమైన సముద్రపు నీళ్లు బకెట్లతో పోయండి. జిడ్డు ఉంటే ఘాటు లేని సబ్బు కొంచెం కలపండి. మెత్తని బ్రష్‌తో గానీ తెల్లటి నైలాన్ ప్యాడ్‌తో గానీ చారకు అడ్డంగా, తేలిక చేత్తో రుద్దండి. అంట్లు తోమే ఆకుపచ్చ పీచు వాడొద్దు. ఉప్పు గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి పలకలు ఎండి కుంచించుకుపోవు. ఉప్పున్న చోట బూజూ తగ్గుతుంది. రేవులో నీటి మీద నూనె తెట్టు ఉంటే ఆ నీళ్లు తోడొద్దు. బయటి సముద్రంలోకి వెళ్లినప్పుడు కడగండి.

తప్పు సలహా 3: “రెండు సీసాల క్లీనర్ కొట్టండి, నిమిషాల్లో కొత్తదైపోతుంది”

నిమిషాల్లో బంగారు రంగు వచ్చే మాట నిజమే. మొదటి సీసాలో ఘాటైన క్షారమో ఆమ్లమో ఉంటుంది, రెండోది దాని ఘాటును చంపుతుంది. ఈలోపు బూడిద పొరతో పాటు కింద ఉన్న మెత్త చెక్క కూడా కరిగి కొట్టుకుపోతుంది. కడిగిన నీళ్ల రంగు చూడండి. గోధుమ రంగులో డెక్కు మీంచి కారిపోయేది మురికి ఒక్కటే కాదు, మీ చెక్క కూడా. సందుల సీలెంట్‌కు, అల్యూమినియం బిగింపులకు, పడవ పక్కల రంగుకు కూడా ఇది చేటు. బట్టల బ్లీచ్ కూడా ఇదే కోవలోది, అది చెక్క పోగులను బలహీనపరుస్తుంది.

చేయాల్సింది: తుప్పు మరక, ఇనుము తగిలిన నల్లమచ్చ లాంటివి ఉంటే ఆ చోట మాత్రమే నీళ్లలో కలిపిన ఆక్సాలిక్ ఆమ్లం వాడండి. ముందు చుట్టూ తడిపి, చేతికి గ్లోవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని రాయండి. కాసేపయ్యాక ధారాళంగా నీళ్లు పోయండి. మొత్తం డెక్కుకు దీన్ని ఏటా జరిగే తంతుగా మార్చొద్దు.

తప్పు సలహా 4: “టేకు ఆయిల్ పట్టిస్తే చెక్కకు బలం”

నూటికి తొంభైమంది నమ్మే మాట ఇది. ఆ డబ్బాలోని నూనె టేకు నుంచి తీసింది కాదు. ఎక్కువగా అవిసె నూనె, టంగ్ నూనె లాంటివాటిని పలచన చేసి, తొందరగా ఆరే మందు కలిపి అమ్ముతారు. అది చెక్కలో సహజంగా ఉండే నూనె స్థానంలోకి వెళ్లి కూర్చోదు. పైన నిలిచి ఎండకు నల్లబడుతుంది. అవిసె నూనె బూజుకు మంచి మేత కూడా. వేడి, తేమ ఎక్కువున్న చోట కొద్ది వారాల్లోనే నల్లమచ్చలు తేలతాయి. వాటిని వదిలించడానికి మళ్లీ క్లీనర్, ఆ తర్వాత మళ్లీ నూనె. ప్రతి చుట్టుకూ కొంత చెక్క పోతూనే ఉంటుంది.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే అవి లోలోపలే వేడెక్కి వాటంతటవే అంటుకోవచ్చు. ఎప్పుడైనా వాడాల్సి వస్తే ఆ గుడ్డలను విడివిడిగా బయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి మూతున్న ఇనుప డబ్బాలో పెట్టండి.

చేయాల్సింది: డెక్కుకు నూనె మానేయండి. కాలు పడని భాగాలకు బంగారు ఛాయ కావాలనిపిస్తే వార్నిష్ వేయండి. ఆ శ్రమ పడలేమనుకుంటే ఉత్తగా వదిలేయండి. ఈ రెండూ మంచి దారులే. రెంటికీ మధ్యలో నూనె పెట్టుకుంటే ఖర్చూ తగ్గదు, పనీ తగ్గదు.

తప్పు సలహా 5: “ఏడాదికోసారి సాండింగ్ చేస్తే నున్నగా ఉంటుంది”

సాండింగ్ మిషన్‌కు ముతక కాగితం తగిలించి రుద్దితే అర మిల్లీమీటరు చెక్క ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. పది మిల్లీమీటర్ల పలకకు అది చిన్న నష్టం కాదు. పైగా ఆ పలకలో మర తల కొంత లోతున కూర్చుని ఉంటుంది. దాని మీద చెక్క బిరడా ఉంటుంది. పైన రుద్దే కొద్దీ బిరడా పలచనై, ఒకరోజు ఊడిపోతుంది. సందుల్లోని సీలెంట్ లోతు కూడా తగ్గి, అంచులు వదిలేస్తాయి. పదేళ్ల వరస సాండింగ్ మంచి డెక్కును కూడా పీకేసే స్థితికి తెస్తుంది.

చేయాల్సింది: గాళ్ల మధ్య గట్లు మరీ ఎత్తుగా లేచి నీరు నిలుస్తున్నప్పుడే సాండింగ్ ఆలోచన చేయండి. అంతకుముందు హ్యాచ్ అంచు దగ్గరో, ఊడిన బిరడా గుంటలోనో వెర్నియర్‌తో మిగిలిన మందం కొలవండి. మరల పైన చెక్క బాగా తగ్గిపోయి ఉంటే మిషన్ జోలికి పోవద్దు. మందం చాలినంత ఉంటే పొడుగాటి చదును దిమ్మెకు కాగితం చుట్టి చేత్తో రుద్దండి. గాళ్లు పూర్తిగా పోయేదాకా కాదు, గట్ల కొనలు అణిగేదాకా చాలు. టేకు పొడి ఊపిరితిత్తులకు, చర్మానికి మంచిది కాదు. మాస్కు తప్పనిసరి.

తప్పు సలహా 6: “సీలెంట్ చీలితే పైన ఇంకాస్త పూయండి”

చీలిక మీద పూసిన సీలెంట్ నెలలో లేచిపోతుంది. కింద చేరిన నీరు అలాగే ఉండిపోతుంది. బాత్రూముల్లో వాడే సిలికాన్ పెడితే ఇంకా ఘోరం. దాని ఆనవాలు చెక్కలోకి దిగితే తర్వాత ఏ వార్నిష్ గానీ సీలెంట్ గానీ అక్కడ సరిగా అంటదు.

చేయాల్సింది: వదిలేసిన సందును కొస నుంచి కొసకు పాతది పూర్తిగా తీసి, రెండు పక్కలూ కొత్త చెక్క కనిపించేలా శుభ్రం చేయండి. అసిటోన్‌తో తుడిచి ఆరనివ్వండి. గాడి అడుగున అంటుకోని సన్నని టేపు పరవండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే, అసలు కీలకం కూడా ఇక్కడే ఉంది. చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. సీలెంట్ రెండు పక్క గోడలకే అంటి ఉంటే సాగుతుంది. అడుగు కూడా పట్టేస్తే సాగే వీలు లేక ఒక గోడను వదిలేస్తుంది. టేపు పరిచాక ఆ సీలెంట్‌కు చెప్పిన ప్రైమర్ రాసి, టేకు డెక్కుల కోసమే చేసిన పాలీసల్ఫైడ్ లాంటి రకాన్ని అడుగు నుంచి పైకి గాలి బుడగలు లేకుండా కొద్దిగా ఎత్తుగా నింపండి. పూర్తిగా గట్టిపడ్డాకే పదునైన ఉలితో పైభాగం కోయండి. తొందరపడి ముందే కోస్తే అంచులు చిరుగుతాయి.

తప్పు సలహా 7: “బిరడా ఊడితే మళ్లీ అంటిస్తే సరి”

ఊడిన బిరడా ఒక కబురు తెస్తుంది. ఒకటి పలక అరిగిపోయి ఉండాలి, లేదా కింద మర కదిలి ఉండాలి. ఆ మర రంధ్రం గుండానే నీరు ఫైబర్ డెక్కు లోపలి నడిమి పొరకు చేరుతుంది. చాలా పడవల్లో ఆ పొర బాల్సా చెక్క. తడిస్తే కుళ్లిపోతుంది. ఇలాంటి డెక్కులో మరలు వందల్లో, పెద్దవాటిలో వేలల్లో ఉంటాయి. నీటికి ప్రతి మరా ఒక దారే. పైన టేకు మెరుస్తూనే ఉంటుంది, కింద పడవ కుళ్లుతుంది. పాత పడవ ధర సగానికి పడిపోయేది ఇలాగే.

చేయాల్సింది: ఆ మర తీసేయండి. రంధ్రం పొడిగా ఉందో లేదో చూడండి. చుట్టూ చిన్న సుత్తి పిడితో తట్టి వినండి. టక్కున మోగితే మంచిది, బోలుగా, మొద్దుగా వినిపిస్తే లోపల తడి ఉందని అనుమానించాలి. తడి ఉంటే ముందు దాని సంగతి తేల్చండి. పొడిగా ఉంటే ఎపాక్సీతో రంధ్రం నింపి, గట్టిపడ్డాక అవసరమైతే మరను ఇంకాస్త లోతుకు బిగించి, కొత్త బిరడాను దాని చారలు పలక చారలతో కలిసేలా పెట్టండి. పైకి ఉన్న ముక్కను కోసేటప్పుడు ఒకేసారి మట్టానికి కోయొద్దు. ముందు కొంచెం ఎత్తులో ఉలితో కొట్టండి. చీలిక ఏ వైపు దిగుతోందో తెలుస్తుంది. దిగే వైపు నుంచి కోస్తే బిరడా లోపలికి విరిగి గుంట పడుతుంది. ఎదురు వైపు నుంచి పలచగా చెక్కండి.

తప్పు సలహా 8: “ఇంటి వీధి తలుపుకు వేసే పాలిష్ చాలు”

మన ఇళ్లలో టేకు తలుపులకు వేసే మెరుపు పాలిష్ నీడలో ఉండే చెక్కకు సరిపోతుంది. పడవ మీద పైనుంచి ఎండ, నీటి మీంచి తిరిగి కొట్టే ఎండ, ఉప్పు, తడి, రాత్రి మంచు అన్నీ కలిసి దాడి చేస్తాయి. గట్టిగా బిగుసుకునే ఆ పూత చెక్కతో పాటు సాగదు. అంచు దగ్గర చిట్లుతుంది. అందులోంచి నీరు దూరి పొరలు పొరలుగా లేస్తుంది. ఒట్టి ఎపాక్సీ కూడా ఎండకు ఆగదు, పైన అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పూత లేకపోతే పాలిపోయి పొడి రాలుతుంది.

చేయాల్సింది: కాలు పడని భాగాలకు ఎండను తట్టుకునే మందు కలిసిన, సాగే గుణమున్న పడవల వార్నిష్ తీసుకోండి. చెక్కను ముందు 80, తర్వాత 120, చివర 220 నంబరు కాగితంతో చార వెంట రుద్ది పొడి పూర్తిగా తుడవండి. మొదటి పూతకు కాస్త ముందు అసిటోన్‌తో తుడవండి. పైకి వచ్చిన సహజ నూనె పోతేనే వార్నిష్ పట్టుకుంటుంది. మొదటి పూత సగానికి సగం పలచన చేయండి. రెండోది కొంత పలచన, ఆ తర్వాతవి డబ్బా మీద రాసినట్టు. పూతకూ పూతకూ మధ్య సన్న కాగితంతో తేలిగ్గా రుద్దండి. ఆరు పూతల కంటే తగ్గితే ఎండ ముందు నిలవదు. ఎనిమిది వేస్తే ఇంకా మంచిది. పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి మధ్యాహ్నం దాటకముందే ఆపండి. సాయంత్రం మంచు పడితే ఆరని పూత తెల్లబడి మెరుపు పోతుంది. మాడే ఎండలో వేస్తే బుడగలు లేస్తాయి.

అసలు సేవ ఆ తర్వాతే మొదలవుతుంది. చిన్న గీత పడినా అదే వారం దాని మీద వార్నిష్ చుక్క పెట్టండి. ఎండ ఎక్కువున్న ప్రాంతాల్లో మెరుపు తగ్గకముందే ఏడాదికి రెండు మూడు సార్లు తేలిగ్గా రుద్ది ఒక పూత వేయండి. లేచిపోయేదాకా ఆగితే మొత్తం గీకి మళ్లీ మొదటి నుంచి చేయాలి. పడవ కట్టేసి ఉన్నప్పుడు గుడ్డ తొడుగులు వేసి ఉంచితే వార్నిష్ ఆయుష్షు ఎన్నో రెట్లు పెరుగుతుంది. వార్నిష్ కంటే తొడుగుల మీద పెట్టిన డబ్బే ఎక్కువ ఉపయోగం.

తప్పు సలహా 9: “స్టీలు పీచుతో రుద్దితే మచ్చ పోతుంది”

స్టీలు పీచు తునకలు చెక్క రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. ఉప్పు తగిలితే తుప్పు పట్టి, టేకులోని పదార్థాలతో కలిసి నల్లని చుక్కలు పరుస్తాయి. కావాలంటే కంచు పీచు వాడండి. పడవ మీద స్టీలు పీచు, ఇనుప బ్రష్ అసలు ఉంచొద్దు.

తప్పు సలహా 10: “అరిగితే అరిగింది, కొత్త టేకు వేయించుకోవచ్చు”

పెద్ద చెట్ల నుంచి వచ్చిన పాత టేకు మళ్లీ దొరకడం కష్టం. మయన్మార్ 2014లో దుంగల ఎగుమతి ఆపేసింది. 2021లో అక్కడ సైనిక కుట్ర జరిగాక ఆ దేశపు ప్రభుత్వ కలప సంస్థ మీద అమెరికా, యూరప్ ఆంక్షలు పెట్టాయి. కేరళలోని నిలంబూరులో 1840లలోనే టేకు తోటలు వేయడం మొదలైంది, ఇప్పుడు ఎక్కువగా దొరికేది తోటల టేకే. తొందరగా కోసిన తోట చెట్టులో చేవ తక్కువ, నూనె తక్కువ. అడవిలో ఒక్కో మిల్లీమీటరుగా పెరిగిన చెక్కను ఏటా అర మిల్లీమీటరు చొప్పున చెత్తబుట్టలో పోయడం అన్యాయం. మీ పడవ మీదున్న టేకు ఎవరి అడవి నుంచి వచ్చినా దాన్ని ఇంకో తరానికి అందించే బాధ్యత మీదే.

ఏడాది పొడుగునా చేయాల్సింది ఇంతే

వారానికోసారి సముద్రపు నీళ్లతో డెక్కు తడపండి. నెలకోసారి మెత్తగా, చారకు అడ్డంగా కడగండి. ఆరు నెలలకోసారి మోకాళ్ల మీద కూర్చుని ప్రతి సందును, ప్రతి బిరడాను వేలితో తడిమి చూడండి. వదిలేసినవి కనిపిస్తే వానలు మొదలవకముందే బాగుచేయండి. వార్నిష్ వేసిన చెక్కకు మెరుపు తగ్గకముందే పూత వేయండి. కూర, నూనె, చేప రక్తం ఒలికితే అప్పటికప్పుడే కడగండి. ఇంతకు మించి చేసే సేవ చాలావరకు డెక్కును అరగదీసేదే.

ఈ వారాంతం పడవ దగ్గరకు వెళ్తే సీసాలు కొనకండి. వెర్నియర్ ఒకటి పట్టుకెళ్లి పలక మందం నాలుగు చోట్ల కొలిచి పడవ పుస్తకంలో రాసుకోండి. చీలిన సందులు, ఊడిన బిరడాలు ఎన్నో లెక్కపెట్టండి. నీరు లోపలికి దిగే దారులన్నీ మూసేదాకా రంగు గురించి ఆలోచించనే వద్దు.